ప్రాణానికి వెల కట్టేది కాగితమేనా?

2021 ఫిబ్రవరి 14. ఇంకా తెల్లవారలేదు. కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలో 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒక మినీ బస్సు డివైడర్ దాటి ఎదురుగా వస్తున్న లారీని ఢీకొంది. మదనపల్లె నుంచి అజ్మీర్ దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరిన వాళ్లు అందులో ఉన్నారు. 14 మంది అక్కడికక్కడే కన్నుమూశారు. బతికి బయటపడింది నలుగురు పిల్లలు.

ఇలాంటి ఘోరం జరిగిన ప్రతిసారీ ఏం జరుగుతుందో పాఠకులకు తెలిసిందే. పెద్దలు దిగ్భ్రాంతి ప్రకటిస్తారు. అధికారులు పరుగులు తీస్తారు. ఎక్స్‌గ్రేషియా ప్రకటన వస్తుంది. చెక్కు అందిస్తున్న ఫోటో పత్రికల్లో పడుతుంది. పదో రోజుకు అంతా మరిచిపోతారు. ఆ సాయాన్ని మేము తప్పుపట్టడం లేదు. చావు ఇంట్లో చేతికొచ్చిన ప్రతి రూపాయీ అక్కరకొస్తుంది. కానీ ఎక్స్‌గ్రేషియా అనేది లాటిన్ మాట. దాని అర్థం 'దయతో' అని. దయ వేరు, హక్కు వేరు. ప్రభుత్వం ఇచ్చేది దయ. చట్టం ప్రకారం ఆ కుటుంబానికి రావలసింది నష్టపరిహారం, అది హక్కు. మొదటిది అందగానే రెండోదాని సంగతి మరిచిపోయేలా చేయడమే మన దగ్గర జరుగుతున్న పెద్ద అన్యాయం.

మన పడమటి మండలాల సంగతే చూడండి. 42వ నంబరు జాతీయ రహదారి కదిరి మీదుగా మదనపల్లెకు వచ్చి, పుంగనూరు, పలమనేరు, కుప్పం దాటి తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. ఉద్యమ పనుల మీద, పత్రిక పనుల మీద మేము తరచూ తిరిగే దారే ఇది. మదనపల్లె మార్కెట్టుకు టమోటా క్రేట్లు మోసే లారీలు, పాల వ్యాన్లు, కూలీలను కుక్కుకుని పోయే ఆటోలు, ట్రాక్టర్లు, బెంగళూరు పనులకు పోయి వచ్చే కుర్రవాళ్ల మోటారు సైకిళ్లు అన్నీ ఈ దారి మీదే. పద్నాలుగు మంది ఒకేసారి పోతే టీవీ వాళ్లు వస్తారు. పుంగనూరు దగ్గర మలుపులో ఒక్క మనిషి పోతే లోపలి పేజీలో నాలుగు లైన్లు. ఆ ఇంటికి మంత్రి రాడు, ఎక్స్‌గ్రేషియా రాదు. ఆ కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క దిక్కు మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్. అక్కడ లెక్క సరిగ్గా జరిగితే పిల్లలు చదువుకుంటారు. లెక్క తప్పితే బడి మాని టీ కొట్టులో గ్లాసులు కడుగుతారు. అందుకే ఆ లెక్క గురించి ఈ వారం రాస్తున్నాం.

మనిషి ప్రాణానికి ఎవరూ వెల కట్టలేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం కట్టమన్నదీ ప్రాణానికి కాదు, ఆ మనిషి మీద ఆధారపడిన వాళ్లు పోగొట్టుకున్న బతుకుదెరువుకు. సెక్షన్ 168 ప్రకారం చెల్లించవలసింది 'న్యాయమైన' పరిహారం. న్యాయమైనది అంటే ఎంత? ఒక్కో ట్రిబ్యునల్ ఒక్కోలా చెప్తుంటే సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోనూ, 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనంతోనూ ఒక కొలమానం ఏర్పరచింది. లాయర్ల గదుల్లో ఉండిపోయిన ఆ కొలమానం మన రచ్చబండల మీదకు రావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. వయసు 34. వృత్తి బేల్దారి కూలి. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. రోజుకు 500 రూపాయల చొప్పున నెలకు 24 రోజుల పని అంటే నెల ఆదాయం 12,000 అనుకుందాం. నలభై ఏళ్ల లోపు వాడు, సొంతంగా సంపాదించుకునేవాడు కాబట్టి ముందుముందు ఆదాయం పెరిగేదన్న లెక్కతో 40 శాతం కలపాలి. 16,800 అవుతుంది. తన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయాలి, ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి. 12,600 మిగులుతుంది. ఏడాదికి 1,51,200. ఆ వయసుకు గుణకం 16. లాయర్లు మల్టిప్లయర్ అనేది దీన్నే. మొత్తం 24,19,200 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చుకు 15,000, ఎస్టేట్ నష్టానికి 15,000, తోడు కోల్పోయినందుకు 40,000 చేర్చమన్నారు. ఇవి 2017 నాటి అంకెలు, మూడేళ్లకొకసారి పది శాతం పెంచమని కూడా అదే తీర్పు చెప్పింది. తోడు కోల్పోవడమంటే భార్యాభర్తలకే కాదు, పిల్లలకూ తల్లిదండ్రులకూ వర్తిస్తుందని 2018లో సుప్రీంకోర్టు మరో కేసులో స్పష్టం చేసింది.

ఇప్పుడు అదే మనిషి, అదే కుటుంబం. కానీ 'నెలకు పన్నెండు వేలు సంపాదించాడనడానికి రుజువేది?' అని బీమా కంపెనీ లాయరు అడిగాడు. చూపడానికి కాగితం లేదు. సరే, ఆరు వేలు అనుకుందామన్నారు. పరిహారం ఎంత తగ్గింది? 12,09,600 రూపాయలు! చచ్చిపోయినవాడి రెక్కల కష్టం మారలేదు. పిల్లల ఆకలి మారలేదు. ఒక్క కాగితం లేకపోయినందుకు సగం డబ్బు గాలికి పోయింది. గుణకాలు, శాతాలు అన్నీ సుప్రీంకోర్టు బిగించింది. బిగించకుండా మిగిలింది ఒక్క 'నెల ఆదాయం' అనే గడి. ఆ గడిలోనే పేదవాడు మోసపోతున్నాడు.

ప్రభుత్వ ఉద్యోగి చనిపోతే జీతం సర్టిఫికెట్టు ఉంటుంది. మన పాఠకుల్లో ఉద్యోగులు చాలామంది, వాళ్లు ఈ తేడా గమనించాలి. ఉద్యోగి ఆదాయం మీద వాదన ఉండదు. టమోటా తోటలో కాయ కోసే ఆమెకు, గ్రానైటు క్వారీలో రాయి మోసేవాడికి, మండీలో హమాలీకి, ఊరూరా తిరిగి గుడ్డలమ్ముకునేవాడికి జీతం సర్టిఫికెట్టు ఎవరిస్తారు? మన సీమలో కాగితం ఉన్న ఆదాయం ఎందరిది?

ఈ అన్యాయానికి చరిత్ర ఉంది. 1994లో చట్టానికి రెండో షెడ్యూలు చేర్చారు. ఆదాయం లేనివాళ్లకు ఏడాదికి 15,000 రూపాయలు ఊహించుకొమ్మన్నారు. పైన చెప్పిన 34 ఏళ్ల మనిషికి ఆ పట్టిక ప్రకారం మూడో వంతు తీసేసి 17తో గుణిస్తే వచ్చేది 1,70,000. బతుకు ఖర్చును బట్టి ఆ పట్టికను ఎప్పటికప్పుడు సవరించవలసిన బాధ్యత కేంద్రానిదని చట్టంలోనే రాసి ఉంది. బియ్యం ధర పెరిగింది, బస్సు చార్జీ పెరిగింది, బీమా ప్రీమియమూ పెరిగింది. పేదవాడి ప్రాణం లెక్క మాత్రం ఏళ్ల తరబడి కదల్లేదు. 2013లో సుప్రీంకోర్టు మందలించినా కేంద్రం కొత్త షెడ్యూలు తెచ్చింది 2018 మే నెలలో. 2019 సవరణతో వచ్చి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సెక్షన్ 164 ప్రకారం, ఎవరిది తప్పు అన్న రుజువుతో పని లేకుండా మరణానికి 5 లక్షలు ఇవ్వాలి.

ఇక్కడే పాఠకులు జాగ్రత్తపడాలి. ఈ 5 లక్షలు తీసుకుంటే సెక్షన్ 166 కింద వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. పాతిక లక్షలు రావలసిన కుటుంబం చేత ఐదు లక్షలకు సంతకం పెట్టించుకుంటే అది పరిష్కారం ఎలా అవుతుంది? ఎదుటి బండి తప్పు ఉందని ఆధారాలుంటే, లెక్క వేయించుకోకుండా ఎవరూ సంతకం చేయవద్దు. తప్పు తమ వాడిదే అయినప్పుడు, సాక్ష్యం దొరకనప్పుడు ఆ 5 లక్షల దారి ఎంతో మేలు. ఏ దారి పట్టాలో ముందు తెలుసుకోవాలి.

కాగితం లేదన్న సాకును సుప్రీంకోర్టు ఏనాడో కొట్టేసింది. బెంగళూరులో ఒక కూలీ 2004లో ప్రమాదానికి గురై, నెలకు 4,500 సంపాదించేవాణ్ణని చెప్పుకుంటే ట్రిబ్యునల్ 3,000కు తగ్గించింది. కూలివాణ్ణి రుజువులు తెమ్మనడం తగదని, అతను చెప్పిన 4,500నే తీసుకొమ్మని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో మరో కర్ణాటక కేసులో ఒక కూరగాయల వ్యాపారికి ట్రిబ్యునల్ లెక్కగట్టిన 3,500ను 6,500 చేసింది. కూరగాయలమ్ముకునేవాడి దగ్గర పద్దు పుస్తకాలుంటాయా అన్నది ఆ తీర్పుల్లోని న్యాయం. టమోటా మీద బతికే మన ప్రాంతానికి ఇంతకంటే దగ్గరి తీర్పులు ఏముంటాయి?

ఇక ఇల్లాలి సంగతి. 'గృహిణి, సంపాదన లేదు' అని పంచనామాలో ఒక్క ముక్క రాసేస్తే ఆమె బతుకంతా సున్నా అయిపోతుంది. పాత షెడ్యూలు ఇల్లాలి ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతు అనుకొమ్మంది! 2014లో ఢిల్లీలో ప్రమాదంలో పోయిన దంపతుల కేసు 2021 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువాడు జస్టిస్ ఎన్.వి.రమణ, ఆ తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ సూర్యకాంత్ ఉన్నారు. హైకోర్టు 22 లక్షలకు కుదించిన పరిహారాన్ని వారు 33 లక్షల 20 వేలకు పెంచారు. ఇంటి చాకిరీకి విలువ కట్టాలని, దానికీ భవిష్యత్తు పెరుగుదల కలపాలని చెప్పారు. మన పల్లెల్లో ఇల్లాలు ఇంట్లో మాత్రమే ఉంటుందా? ఆవు పాలు పిండేది, కలుపు తీసేది, కాయ కోసేది ఆమే కదా? పంచనామా రాసే వేళ ఆ మాట చెప్పే మనిషి పక్కన ఉండాలి.

ఇంకొక చేదు నిజం. గూడ్సు బండిలో ప్రయాణించే కూలీలకు బీమా రక్షణ లేదు. 1994 సవరణ ప్రకారం సరుకు యజమానికీ, అతని ప్రతినిధికీ బీమా వర్తిస్తుంది. బండి యజమాని పనివాడైతే కార్మిక పరిహార నిబంధనల మేరకు వస్తుంది. కానీ దారిలో ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే తన టమోటాతో పాటు లారీలో కూర్చున్న రైతుకు రక్షణ ఉంది. ఆ టమోటా కోసి, బస్సు లేక ట్రాక్టరు ట్రాలీ ఎక్కి ఇంటికి పోతున్న కూలీ తల్లికి లేదు! ట్రాలీ బోల్తా కొడితే ఆమె పిల్లలు బండి యజమాని మీద పడాలి, అతని దగ్గర ఇవ్వడానికి ఉంటే కదా! తప్పు ఎదుటి లారీదైతే మాత్రం ఆ లారీ బీమా కంపెనీ చెల్లించవలసిందే. ఈ తేడా తెలియక 'ట్రాలీలో ఎక్కినారు గదా, ఏమీ రాదు' అని ఊరి పెద్దలు చెప్తే నమ్మి ఊరుకునే కుటుంబాలు ఉంటాయి. నమ్మవద్దు. అదే సమయంలో, పొలాల వేళలకు పల్లెలకు బస్సు నడపని ప్రభుత్వానిది ఈ చావుల్లో భాగం లేదా అని కూడా అడుగుతున్నాం.

కుప్పం వాళ్లది మరో రకం బాధ. పొట్ట చేత్తో పట్టుకుని బెంగళూరుకు, హోసూరుకు పోతారు. అక్కడ ప్రమాదం జరిగితే కన్నడ, తమిళ కోర్టుల చుట్టూ తిరగాలేమోనని భయపడి వదిలేసే వాళ్లుంటారు. ఆ భయం అక్కరలేదు. ప్రమాదం ఎక్కడ జరిగినా, బాధిత కుటుంబం నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్లోనే కేసు వేసుకోవచ్చునని సెక్షన్ 166 చెప్తోంది. అయితే సరిహద్దు దాటితే ఒక మంచి పద్ధతి కనిపిస్తుంది. రుజువు లేని ఆదాయాన్ని ఎంతగా తీసుకోవాలో కర్ణాటక న్యాయ సేవాధికార సంస్థ లోక్ అదాలత్‌ల కోసం ఏడాది వారీగా పట్టిక వేసుకుంది. అక్కడి హైకోర్టు కూడా దాన్ని ఆధారంగా చేసుకుంటుంది. కూలివాడి ఆదాయం ఏ లాయరు గట్టిగా వాదించాడన్న దాని మీద కాక, ఏ సంవత్సరం చనిపోయాడన్న దాని మీద తేలుతుంది. ఇది చిన్న విషయం కాదు.

ట్రిబ్యునల్లో అన్యాయం జరిగితే అప్పీలు హైకోర్టుకు. ఆ హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఉంది. బీమా కంపెనీకి అక్కడ లాయర్లు సిద్ధంగా ఉంటారు. కుప్పం వితంతువు రెండు రాత్రులు బస్సులో, రైల్లో గడిపి, వాయిదా పడిందన్న మాట విని తిరిగి రావాలి. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమదని 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో రాసుకున్నారు. కర్నూలులో హైకోర్టు బెంచి కావాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానించింది. దూరం కూడా పరిహారంలో కోత వేస్తుందని ఇలాంటి కేసుల్లోనే తెలుస్తుంది. మన ఉద్యమం న్యాయస్థానం అడిగేది భవనాల కోసం కాదు, ఈ ఆడబిడ్డల కోసం.

మా డిమాండ్లు సూటిగా చెప్తున్నాం. ఒకటి, రుజువు లేని ఆదాయానికి సీమలో నడుస్తున్న అసలు కూలి రేట్లను బట్టి ఏటేటా పట్టిక ప్రకటించాలి, ఇల్లాలికీ అందులో చోటుండాలి. రెండు, ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక పోలీసులు ట్రిబ్యునల్‌కు ఇవ్వాలని 2022 కేంద్ర నిబంధనలు చెప్తున్నాయి. వాటిని ప్రతి స్టేషన్లో అమలు చేయాలి. అవి అమలైతే బాధితులు కాగితాల కోసం స్టేషన్ల చుట్టూ తిరిగే పని ఉండదు. మూడు, గూడ్సు బండ్లలో తప్పనిసరై ప్రయాణించే కూలీలకు బీమా వర్తించేలా చట్టం మార్చాలి, అంతవరకు పొలాల వేళలకు బస్సులు నడపాలి.

ప్రభుత్వం కదిలే దాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా, మీ ఊళ్లో ప్రమాదం జరిగితే పూలదండతో పాటు ఒక ఫైలు కూడా పట్టుకుని ఆ ఇంటికి వెళ్లండి. ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదికల నకళ్లు, ఎదుటి బండి ఆర్‌సీ, బీమా, డ్రైవరు లైసెన్సు వివరాలు సేకరించండి. ఆదాయానికి రుజువుగా పాల కేంద్రం చీటీలు, మండీ బిల్లులు, డ్వాక్రా పొదుపు పుస్తకం, ఉపాధి కూలి జమ పడిన పాస్‌బుక్, మేస్త్రీ సాక్ష్యం ఏది దొరికితే అది దాచండి. ఆరు నెలల్లో పిటిషన్ వేయాలన్న గడువు 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఉంది. గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినా, ఆ ధీమాతో ఆగవద్దు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే మరణానికి 2 లక్షల పరిహారం ఉంది, ఆర్డీవో లేదా తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టించండి. ఫీజుకు డబ్బు లేకపోతే కోర్టులోని న్యాయ సేవా కమిటీని అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. పరిహారంలో ఇంత శాతం వాటా అని ఎవరైనా లాయరు అడిగితే, అలాంటి ఒప్పందం చెల్లదని 2017 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తు చేయండి.

ధర్నాకు పిలిస్తే వందల మంది కదిలి వచ్చే ఊళ్లు మనవి. ఒక్కో ఊరి నుంచి ఇద్దరు చదువుకున్న పిల్లలు ఈ లెక్క నేర్చుకుంటే చాలు. సొంత రాష్ట్రం కోసం పోరాడుతున్నాం సరే, అది వచ్చే లోపు మన పక్కింటి అనాథ పిల్లలకు రావలసిన పన్నెండు లక్షలను కాగితం లేదన్న సాకుతో ఎవరో ఎగవేస్తుంటే చూస్తూ ఊరుకుందామా? మన మనుషుల కష్టానికి మనమే విలువ కట్టలేకపోతే, ఇతరులు తక్కువ కట్టారని ఏడ్చే హక్కు మనకెక్కడిది?